కొసరు సరే... అసలు మాటేమిటి?

పొద్దున్నే ఆరింటికి తార్నాక నుంచి యూనివర్సిటీ వైపు నడక మొదలెట్టేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. క్యాంపస్‌లో చెట్ల నీడన గంటసేపు నడిచి, ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా కాసేపు కూలబడి, లోకాభిరామాయణం కానిచ్చి ఏడున్నరకల్లా ఇళ్ళు చేరతాం. మా గుంపు నలుగురం. యూనివర్సిటీలో పనిచేసి రిటైరైనాయన భార్య, మేమంతా పిన్నిగారు అంటాం. ఇంట్లోనే బ్లౌజులు కుట్టే పక్కవీధి అక్కయ్య. మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్ళి ఉద్యోగం చేసొచ్చే కొత్త కోడలు పిల్ల. నాలుగోదాన్ని నేను.

మొన్నొకరోజు పిన్నిగారి ఫోను కుయ్యిమంది. కళ్ళద్దాలు సర్దుకుని చూసి ఆవిడ మురిసిపోయారు.

"ఫండు డివిడెండ్ పడిందమ్మా, పన్నెండొందలు! మనం అడక్కుండానే నెలనెలా పంపిస్తాడు. అసలు కంటే కొసరు ముద్దని ఊరికే అన్నారా!"

మెట్రో పిల్ల నవ్వింది. "ఆంటీ, ఏమనుకోకండి... అది మీ డబ్బే కదా మీకు తిరిగొచ్చింది?"

పిన్నిగారి ముఖం చిన్నబోయింది. "అదేమిటే! నా డబ్బు అక్కడే ఉంది. ఇది దానిమీద వచ్చింది" అన్నారు. ఆ పిల్ల ఏదో చెప్పబోయి, పెద్దావిడతో వాదనెందుకని ఊరుకుంది. అక్కయ్య నావైపు చూసింది. ఆ చూపెందుకో నాకు తెలుసు. ఎందుకంటే పిన్నిగారు అన్నమాటే, అదే నమ్మకంతో, ఒకప్పుడు నేనూ అన్నాను. దాని ఖరీదు నేను కట్టుకున్నాను గనక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నా కథ

నేను కథలు రాస్తాను. పత్రికలవాళ్ళు పంపే పారితోషికం ఎంతుంటుందో రాసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒక కథకు వచ్చినదాంతో మంచి చీర రాదు, మామూలు చీర వస్తుంది. అయినా ఆ డబ్బంటే నాకు మహా ఇష్టం. ఎవరినీ అడగకుండా నా చేతికి వచ్చింది అదొక్కటే కదా! ఒకటిరెండు కథల పోటీల్లో వచ్చిన బహుమతి, ఇంటిఖర్చులో మిగిల్చింది, పుట్టింటివాళ్ళు పండగలకు చేతిలో పెట్టింది, అన్నీ కూడబెడితే 2016కి లక్ష రూపాయలయ్యాయి. అప్పటికి మా అమ్మాయి చిన్న తరగతుల్లో ఉంది. దాని పైచదువుకు ఈ లక్షా నేనిస్తానని మనసులో గట్టిగా అనుకున్నాను. మావారితో కూడా చెప్పలేదు.

డిపాజిట్ చేద్దామని బ్యాంకుకు వెళితే అక్కడి కుర్రాడు "మేడమ్, డిపాజిట్ ఎందుకండీ? ఈ ఫండులో పెట్టండి. నెలనెలా డివిడెండ్ వస్తుంది. బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ" అన్నాడు. ఆ రోజుల్లో చాలాచోట్ల ఇదే పాట. సగానికి పైగా షేర్లలో, మిగతాది బాండ్లలో పెట్టే బ్యాలెన్స్‌డ్ ఫండ్లను 'నెలనెలా ఆదాయం' అని చెప్పి అమ్మేవారు. నేను సంతకం చేశాను. ఫారంలో గ్రోత్ అని ఒక గడి, డివిడెండ్ అని ఒక గడి ఉన్నాయి. డివిడెండ్ గడిలో టిక్కు పెట్టింది ఆ కుర్రాడే. ఏమిటని నేను అడగలేదు.

నెలనెలా కొంత మొత్తం వచ్చేది. ఎంత సంబరమో! గ్యాసు బండకు కొంత, కర్టెన్లకు కొంత, పనమ్మాయి పిల్ల పుస్తకాలకు కొంత, ఓసారి కుక్కరు... దేనికెంతో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. 2018 నుంచి ఆ మొత్తం తగ్గుతూ వచ్చింది. ఆ ఏడు బడ్జెట్‌లో షేర్ల ఫండ్లిచ్చే డివిడెండ్ల మీద పది శాతం పన్ను వేశారు, మార్కెట్టూ చల్లబడింది. తగ్గిందని కాస్త గొణుక్కున్నానే తప్ప, నా లక్ష ఎలా ఉందో అని కాగితం తిప్పి చూడలేదు.

ఎనిమిదేళ్ళు గడిచాక చూశాను. నా లక్ష లక్షా పదిహేను వేలయింది. మధ్యలో చేతికందినవన్నీ కూడితే డెబ్భై అయిదు వేల దాకా లెక్క తేలింది. మొత్తం లక్షా తొంభై. ఫరవాలేదే అనుకున్నాను, అక్కయ్య తన కాగితం చూపించేదాకా! ఆవిడా అదే ఏడాది, అదే ఫండులో, అదే లక్ష పెట్టింది. కాకపోతే ఆవిడ తమ్ముడు గ్రోత్ గడిలో టిక్కు పెట్టించాడు. ఆవిడది రెండు లక్షల ముప్పై వేలు.

తేడా నలభై వేలే కదా అంటారేమో. నా బాధ నలభై వేల గురించి కాదు. ఆవిడ రెండు లక్షల ముప్పై వేలూ ఒక్కచోట ఉన్నాయి. నావి లక్షా పదిహేను వేలే ఉన్నాయి. మిగతావి గ్యాసులో, కర్టెన్లలో, కుక్కరు ఆవిరిలో కలిసిపోయాయి. అమ్మాయి ఇంటర్ అయ్యి పైచదువు ఫీజు కట్టాల్సిన రోజు వచ్చేసరికి నేను దాచానన్న డబ్బు చాల్లేదు. నా గాజులు రెండూ బ్యాంకు లాకర్‌కు కాదు, బ్యాంకు తాకట్టుకు వెళ్ళాయి.

జాడీలోంచి తీస్తే...

ఫండు డివిడెండ్ అంటే ఏమిటో మనింటి భాషలో చెప్పుకుందాం. ఏడాదికి సరిపడా ఆవకాయ పట్టి జాడీలో పెట్టారు. వారానికోసారి చిన్న గిన్నెలోకి తీసి భోజనాల బల్ల మీద పెడతారు. గిన్నెలోకి ఆవకాయ 'వచ్చింది' అని మనం సంబరపడతామా? జాడీలో అంతమేరా తగ్గిందని మనకు తెలుసు. ఫండు కూడా అంతే. ఒక యూనిట్ విలువ, దాన్నే ఎన్‌ఏవీ అంటారు, 50 రూపాయలుందనుకోండి. 4 రూపాయలు డివిడెండ్ ఇచ్చాడు. మర్నాటికి ఆ యూనిట్ విలువ 46. మన చేతిలో నాలుగు, అక్కడ నలభై ఆరు. కొత్తగా పుట్టిందేమీ లేదు.

ఈ అపోహ ఎంతగా పాతుకుపోయిందో చూడండి, చివరికి మార్కెట్‌ను అదుపు చేసే సెబీయే ఆ పేరు మార్పించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి మ్యూచువల్ ఫండ్లలో డివిడెండ్ ఆప్షన్ అన్న పేరు లేదు. 'ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్' అని రాయాలి. పొట్టిగా ఐడీసీడబ్ల్యూ. నోరు తిరగదు గానీ నిజం చెప్పే పేరు. ఇది ఆదాయం పంచడమే కాదు, మీ పెట్టుబడిలోంచి తీసి ఇవ్వడం కూడా అని అర్థం. మన పిన్నిగారు ఇంకా డివిడెండ్ అనే అంటున్నారు. ఆవిడ తప్పు కాదు. అలవాటైన పేరు, తీపి పేరు.

ఏటా కాస్త కాస్త తీసుకుంటే ఏం పోతుంది అంటారా? ఒక లెక్క చూడండి. లక్ష రూపాయలు ఏటా 10 శాతం చొప్పున పెరుగుతాయనుకుందాం. పెరుగుతాయని హామీ కాదు, లెక్కకోసం అనుకోవడమే. ఏమీ ముట్టుకోకపోతే ఇరవై ఏళ్ళకు 6 లక్షల 73 వేలవుతాయి. అలాకాక ఏటా ఉన్నదాంట్లో 4 శాతం తీసుకుంటూ పోతే, ఇరవై ఏళ్ళ చివర మిగిలేది 3 లక్షల 21 వేలు. మధ్యలో తీసుకున్నవన్నీ కలిపితే లక్షా 47 వేలు. రెండూ కూడినా 4 లక్షల 68 వేలే. తక్కిన రెండు లక్షలూ ఎవరూ దోచుకోలేదు. మనం తీసేసిన డబ్బు పిల్లలు పెట్టే అవకాశం పోయింది, అంతే.

అనగనగా ఒక యూఎస్ 64

డివిడెండ్ మోజు మనకు ఇవాళ పుట్టింది కాదు. మన పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియావారి యూనిట్ స్కీమ్ 64. 1964లో మొదలైంది. పది రూపాయల యూనిట్. మ్యూచువల్ ఫండ్ అన్న మాట కూడా మనకు తెలియని కాలం. ఏటా డివిడెండ్ వారంటు పోస్టులో వచ్చేది. తొంభైల మొదట్లో ఇరవై శాతం దాటి కూడా ఇచ్చారు. ఉద్యోగులు, పెన్షనర్లు, ఆడవాళ్ళు ఎందరో అందులో పెట్టారు. మదుపరుల సంఖ్య రెండు కోట్ల దాకా చేరింది.

అయితే ఆ పథకంలో యూనిట్ అసలు విలువ ఎంతో బయటికి చెప్పేవారు కారు. కొనే ధర, అమ్మే ధర వాళ్ళే నిర్ణయించి ప్రకటించేవారు. జనం చూసింది డివిడెండ్ ఒక్కటే. అది బాగుంది గనక అంతా బాగుందనుకున్నారు. లోపల మాత్రం సంపాదనను మించి పంచుతూ వచ్చారు. 1998లో లెక్క చూస్తే నిల్వలన్నీ హరించుకుపోయి లోటు తేలింది. అప్పటికి ప్రభుత్వం చెయ్యి అడ్డం పెట్టింది. 2001 జూలైలో ఏకంగా యూనిట్లు అమ్మడం, తిరిగి కొనడం ఆరు నెలలపాటు ఆపేస్తున్నామన్నారు. అందరూ గగ్గోలు పెడితే 3,000 యూనిట్ల దాకా పది రూపాయల చొప్పున తీసుకుంటామన్నారు. ఆ ఏడాది చివర అసలు విలువ లెక్కగడితే యూనిట్‌కు ఆరు రూపాయలు కూడా లేదు! చివరికి 2003లో యూనిట్ ట్రస్ట్‌ను రెండుగా విడదీసి, ఈ యూనిట్లవాళ్ళకు 6.75 శాతం బాండ్లు ఇచ్చారు. చిన్న మదుపరి గట్టెక్కాడు గానీ ఆ భారం పడింది ఖజానా మీద, అంటే మళ్ళీ మనందరి మీదే.

ఇప్పుడలా కాదు. ప్రతి ఫండూ తన యూనిట్ విలువను రోజూ ప్రకటించాలి. అందుకే నేననేది, అప్పట్లో అడిగినా చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు చెప్పేవాళ్ళున్నా మనం అడగటం లేదు.

కొసరు పెరిగే చోటు

మరి డివిడెండ్ అన్నదే చెడ్డదా అంటే, కానే కాదు. ఇక్కడే చాలామంది తికమకపడేది. ఫండు మనకిచ్చే డివిడెండ్ వేరు. కంపెనీ తన వాటాదారులకిచ్చే డివిడెండ్ వేరు. కంపెనీ సరుకు అమ్మి, జీతాలిచ్చి, పన్నులు కట్టి, మిగిలిన లాభంలో కొంత పంచుతుంది. ఆ పంచేది ఏటేటా పెరుగుతుంటే ఆ కంపెనీ వ్యాపారం పెరుగుతున్నట్టే. విదేశాల్లో ఇలాంటి కంపెనీలను ఏరి ప్రత్యేకంగా ఫండ్లు నడుపుతారు. అమెరికాలో 'డివిడెండ్ అరిస్టోక్రాట్స్' అని ఒక జాబితా ఉంది. వరసగా 25 ఏళ్ళు డివిడెండ్ పెంచుతూ వచ్చిన పెద్ద కంపెనీలకే అందులో చోటు.

దీని బలం ఎక్కడుందో మామూలు లెక్కలో చూద్దాం. వంద రూపాయలు బ్యాంకులో వేశారు, ఏటా 7 రూపాయలు వడ్డీ వస్తుంది. అదే వందతో ఒక కంపెనీ వాటా కొన్నారు, 3 రూపాయలు డివిడెండ్ ఇస్తుంది. ఏడెక్కడ, మూడెక్కడ! కానీ ఆ కంపెనీ డివిడెండ్‌ను ఏటా పది శాతం పెంచుకుంటూ పోగలిగిందనుకోండి, తొమ్మిదేళ్ళకు ఆ మూడు ఏడవుతుంది. ఇరవై ఏళ్ళకు ఇరవై అవుతుంది. బ్యాంకు మాత్రం ఇరవయ్యో ఏడూ ఏడే ఇస్తుంది. ఈలోగా ధరలు? ఏటా ఆరు శాతం పెరిగితే ఇవాళ వంద పెట్టి తెచ్చే కందిపప్పు, నూనె ఇరవై ఏళ్ళకు 320 అవుతాయి. ఆ రోజున ఏడు రూపాయలకు ఏమొస్తుందో మీరే ఊహించండి.

మనదేశంలో అచ్చంగా డివిడెండ్ పెంచే కంపెనీలకని సెబీ వేరే తరగతి పెట్టలేదు. దానికి దగ్గరగా ఉన్నది 2017లో పెట్టిన 'డివిడెండ్ యీల్డ్ ఫండ్' తరగతి. 2017 నాటి నిబంధన ప్రకారం డబ్బులో కనీసం 65 శాతం షేర్లలో ఉండాలి, ముఖ్యంగా డివిడెండ్లు ఇచ్చే కంపెనీల్లో. యూటీఐ, ఎస్‌బీఐ, ఐసీఐసీఐ ప్రుడెన్షియల్, ఆదిత్య బిర్లా సన్ లైఫ్ లాంటి సంస్థలకు ఇవి ఉన్నాయి. ఫలానాది కొనమని నేను చెప్పడం లేదు, ఆ అర్హత నాకు లేదు. ఇందులోనూ గ్రోత్ అనీ, ఐడీసీడబ్ల్యూ అనీ రెండు గడులుంటాయన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. గ్రోత్ పెట్టుకుంటే కంపెనీలిచ్చిన డివిడెండ్లు ఫండులోకే వచ్చి, వాటితో మళ్ళీ షేర్లు కొంటారు. అదీ జాడీలో ఉన్నది ఊరడమంటే!

రెండు హెచ్చరికలు కూడా చెప్పాలి. ఒకటి, డివిడెండ్ ఎక్కువని మోసపోకూడదు. షేరు ధర పడిపోతే డివిడెండ్ శాతం దానంతటదే పెద్దదిగా కనిపిస్తుంది. మన మాసబ్‌ట్యాంక్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీనే తీసుకోండి. ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ సంస్థ, డివిడెండ్లకు పేరున్నదే. అయినా ఖనిజం ధర మీద దాని లాభం ఆధారపడుతుంది. ధర బాగున్న ఏడు ఎక్కువిస్తుంది, లేని ఏడు తగ్గిస్తుంది. ఎక్కువివ్వడం వేరు, ఏటా పెంచగలగడం వేరు.

రెండోది, ఒక్క కంపెనీని నమ్ముకోవడం. సత్యం కంప్యూటర్స్‌ను మనం ఎలా మర్చిపోతాం? మన ఊరి కంపెనీ, మన పిల్లలు పనిచేసిన కంపెనీ. అదీ డివిడెండ్లు ఇచ్చింది. 2009 జనవరి 7న లెక్కలన్నీ తప్పుడువని దాని ఛైర్మనే ఉత్తరం రాశారు. ఆ ఒక్కరోజులోనే షేరు ధర మూడొంతులకు పైగా పడిపోయింది. ఫండు అంటే పాతికో, యాభయ్యో కంపెనీలు. ఒకటి మునిగినా ఇల్లు మునగదు. చిన్న మొత్తాలవాళ్ళం మనకు ఆ నీడ అవసరం.

ఇంతకూ ఏం చేద్దాం?

ముందు ఏం చెయ్యకూడదో చెప్పుకుందాం. అయిదేళ్ళలోపు కావలసిన డబ్బు ఈ వైపు తేవద్దు. వచ్చే ఏటి ఫీజు, పైఏడాది పెళ్ళి, అత్తగారి ఆపరేషన్ డబ్బు బ్యాంకులోనే ఉండాలి. షేర్లు పడతాయి. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ ఏడాది తిరక్కుండా ఎనిమిది వేల దరిదాపుల్లోకి వచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు రెండు నెలల్లో 42 వేల నుంచి 26 వేల దగ్గరికి జారింది. రెండుసార్లూ తిరిగి లేచింది గానీ, సరిగ్గా ఆ పడిన రోజునే డబ్బు కావలసిన ఇల్లాలి గతి ఏమిటి? చిట్టీ పాడి ఆ డబ్బు తెచ్చి ఇందులో పెట్టడం, బంగారం తాకట్టుపెట్టి పెట్టడం అసలే వద్దు. వాట్సాప్‌లో గుంపులు కట్టి నెలకు ఇంత ఖాయమని చెప్పేవాళ్ళను గడప తొక్కనివ్వకండి. షేర్ల మీద ఖాయమన్న మాట చెప్పేవాడు అబద్ధమాడుతున్నట్టే.

ఇక చెయ్యవలసినవి. పదీ పదిహేనేళ్ళు ముట్టుకోనక్కర్లేని డబ్బయితే గ్రోత్ గడిలోనే టిక్కు పెట్టండి. ఒకేసారి లక్షలెక్కడివి మనకు? నెలకింత అని సిప్ కట్టుకోవచ్చు. నెలకు 2,000 చొప్పున పదిహేనేళ్ళు కడితే మనం వేసేది 3 లక్షల 60 వేలు. ఏటా పది శాతం పెరిగితే 8 లక్షల పైచిలుకవుతుంది. ఆరు శాతమే పెరిగితే 5 లక్షల 80 వేలు. ఈ రెండు లెక్కలూ చూసుకునే మొదలెట్టండి, పెద్దదొక్కటే చూసి కాదు.

2013 జనవరి నుంచి ఫండ్లలో డైరెక్ట్ అని ఇంకో రకం ఉంది. మధ్యలో ఏజెంటు, బ్యాంకు ఉండరు, వాళ్ళ కమిషనూ ఉండదు. ఏడాదికి ఒక్క శాతం తేడా అనుకున్నా, లక్ష మీద ఇరవై ఏళ్ళకు పది శాతం చొప్పున 6 లక్షల 73 వేలు, తొమ్మిది చొప్పున 5 లక్షల 60 వేలు. అలాగని ఏజెంటు వద్దనను. కాగితాలు అర్థంకాకపోతే, మంచి మనిషి దొరికితే, ఆ కమిషను అతని కూలి. కాకపోతే అతనికెంత వెళుతోందో మనకు తెలియాలి.

పన్ను సంగతి కూడా రెండు ముక్కల్లో. 2020 ఏప్రిల్ నుంచి ఫండు డివిడెండ్ మన ఆదాయంలోనే కలుస్తుంది. గ్రోత్‌లో అయితే అమ్మిన రోజు వచ్చే లాభం మీదే పన్ను. షేర్ల ఫండు ఏడాది దాటి ఉంచుకుంటే, 2024 జూలై నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఏడాదికి లక్షా పాతిక వేల లాభం దాకా పన్ను లేదు. ఆపైన పన్నెండున్నర శాతం. ఒక మెలిక ఉంది. మావారిచ్చిన డబ్బు నా పేరున పెడితే, దానిమీద ఆదాయం ఆయన ఆదాయంలో కలిపే లెక్కిస్తారు. నా కథల డబ్బయితే నాదే!

మరి పిన్నిగారి లాంటివాళ్ళకు? ఆవిడకు నెలనెలా డబ్బు కావాలి. అది న్యాయమైన అవసరం. మందులు గ్రోత్ ఆప్షన్ కోసం ఆగవు కదా! అలాంటివాళ్ళకూ ఒక దారుంది. గ్రోత్‌లోనే ఉంచి, నెలకింత పంపమని మనమే చెప్పుకోవచ్చు. సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాన్ అంటారు. జాడీలోంచే తీస్తాం, కాదనను. కానీ ఎంత తీయాలో, ఎప్పుడు ఆపాలో మన చేతిలో ఉంటుంది. గరిటె మనదన్నమాట. ఆ వయసులో ఎక్కువ భాగం డిపాజిట్లలో, పెద్దల పొదుపు పథకంలో ఉంచుకుని, కొద్ది భాగమే ఇటు పెట్టడం మేలు.

గరిటె ఎవరి చేతిలో?

ఇన్ని లెక్కలు రాశాక నాకొకటి అనిపిస్తోంది. ఫారంలో ఆ గడి ఏమిటని ఆ రోజు నేను ఎందుకు అడగలేదు? డిగ్రీ చదివినదాన్ని. పాత్రల మనసుల్లోకి దూరి పేజీలకు పేజీలు రాసేదాన్ని. అడగలేకపోయానంటే తెలివిలేక కాదు, అలవాటులేక.

మనకు చిన్నప్పట్నుంచీ కొసరుతో తృప్తిపడటమే నేర్పారు. పండక్కి చీర, పుట్టినరోజుకు అయిదొందలు, కూరల డబ్బులో మిగిలితే నువ్వే ఉంచుకో అన్న ఉదారత్వం. ఇంటి అసలు ఎంత, ఎక్కడుంది, ఎవరి పేరున ఉంది అంటే మాత్రం, "నీకెందుకవన్నీ, నీకేం తక్కువ చేశాను?" అంటారు. నిజమే, తక్కువ చేయలేదు. నెలనెలా కొసరు అందుతూనే ఉంది. అది అందినంతకాలం జాడీ మూత తీసి చూడాలని మనకూ తోచదు. మావారు మంచివారే. ఆ మాట చెప్పి తీరాలి. అయినా ఇంట్లో పాలసీలెన్నో, డిపాజిట్లెన్నో, నామినీ ఎవరో పెళ్ళైన పదిహేడేళ్ళకు, నా గాజులు తాకట్టుకు వెళ్ళిన రోజు రాత్రి మొదటిసారి అడిగాను. ఆయన ఆశ్చర్యపోయి, "ఎప్పుడూ అడగలేదేం?" అన్నారు. ఇద్దరం కూర్చుని ఒక నోటుబుక్కులో రాశాం. రెండు పాలసీలకు నామినీగా ఇంకా మా అత్తగారి పేరే ఉంది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది!

మిగిలిన ఆ లక్షా పదిహేను వేలలో కొంత ఫీజుకు పోయింది. తక్కినది గ్రోత్‌లోకి మార్చుకున్నాను. కథల డబ్బు వచ్చినప్పుడల్లా అందులోనే వేస్తున్నాను. ఈసారి గడిలో టిక్కు పెట్టింది నేనే. పక్కన కూర్చుని చూసింది మా అమ్మాయి. "అమ్మా, ఈ రెండో గడి ఏంటి?" అని అడిగింది. దానికి చెప్పగలిగాను. నేను పోగొట్టుకున్న నలభై వేలకూ వచ్చిన ప్రతిఫలం అదేననుకుంటాను.

పిన్నిగారు వారంరోజులు ముభావంగా ఉన్నారు. మొన్న సోమవారం సంచీలోంచి మడతపెట్టిన కాగితమొకటి తీసి మెట్రో పిల్ల చేతికిచ్చారు. "ఇదిగో, నా ఫండు స్టేట్‌మెంటు. పెట్టినప్పుడు ఎంత, ఇప్పుడెంత, చదివి చెప్పు. కొసరు సంగతి నాకు తెలుసు. అసలు చెప్పు" అన్నారు.

ఆ పిల్ల చదవడం మొదలెట్టింది. నడక మానేసి నలుగురం కాగితం మీదికి వంగాం.

మీ ఇంట్లో కూడా ఏ బీరువాలోనో ఇలాంటి కాగితమొకటి ఉండే ఉంటుంది. ఇవాళ వంట అయ్యాక తీసి చూస్తారా?